తాటిచెట్టు మీది నింద

లోకమున అపనిందలు మనుష్యులకే కాదు, వృక్షములకును కలుగుచుండును. మనవారు రావికి ప్రదక్షిణములు చేసిరి, వేపకు పసుపుకుంకుమ లిడిరి. తాడికి మాత్రము అపకీర్తి నంటగట్టిరి. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురన్న సామెత నెఱుగని తెలుగువారుండరు. ఆ సామెత మనుష్యుల సహవాసమును గూర్చి పుట్టినదే. అయినను దాని బరువంతయు మోయుచున్నది చెట్టు.

రాజమహేంద్రవరమునుండి కోరుకొండ మీదుగా గోకవరము పోవు మార్గమున నేను పెక్కుమారులు ప్రయాణము చేసితిని. కోనసీమకు కొబ్బరి యెట్టిదో ఈ మెట్టసీమకు తాడి యట్టిది. బాట ప్రక్కలను, పొలముల గట్లమీదను నల్లని కంబములవలె తాళ్లు నిలిచియుండును. ఫాల్గునమాసమున లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు కొండకు పోవు జనులు వాని ప్రక్కనుండియే పోవుదురు. నీడ చాలదు గనుక వాని క్రింద నిలుచువారు లేరు, తలయెత్తి చూచువారును అరుదు.

ముమ్మడినాయకుడు 14వ శతాబ్దమున ఈ కోరుకొండనుండి రాజ్య మేలెను. ఆనాటి చెట్లు నేడుండవు. తాడి నూరేండ్లు దాటి బ్రతుకును గాని ఏడువందలేండ్లు బ్రతుకదు. అయినను ఆనాటి చదువు తరతరములుగా మనకు చేరినది తాళపత్రములమీదనే కదా! రాజమహేంద్రవరమునందలి గౌతమీ గ్రంథాలయమున అట్టి తాటాకు గ్రంథములు నేటికిని కలవు. కల్లుచెట్టని మనము తీసివేయుచున్న యీ చెట్టే మన పూర్వులకు కాగితమైనది.

గృహిణులకు దీని యుపకారము వేఱుగ చెప్పనక్కఱలేదు. వేసవిలో ముంజెలు, శ్రావణభాద్రపదములలో పండు, ఆ పండు గుజ్జుతో రొట్టెలు, గారెలు. పాతిపెట్టిన టెంకలనుండి చలికాలమున తేగలు. ఆకు ఇంటికప్పును విసనకఱ్ఱయు నగును, మ్రాను దూలమగును. కొల్లేటివారు మొదలు తొలిచి దోనెగా నడపిరి. పోతుతాడి కాయదు గాని, పోతుతాడియు పెంటితాడియు రెండును గీసినచో రస మిచ్చును. నింద యంతయు ఆ రసమును బట్టియే వచ్చినది.

ఇచ్చట మనము నిదానించి విచారింపవలెను. చెట్టునుండి స్రవించునది కల్లు కాదు, తియ్యని నీరు. కుండలో చేరిన సూక్ష్మజీవులు అందలి చక్కెరను మద్యసారముగ మార్చినప్పుడు అది కల్లగును. కుండ లోపల సున్నము పూసినచో ఆ మార్పు నిలిచిపోవును, అదే నీరా. దానిని కాచినచో బెల్లమగును. చెట్టు ఒకటే, గీతకత్తి ఒకటే, మోకు కట్టుకొని ప్రాణమునకు తెగించి ఎక్కువాడును ఒకడే. పిడికెడు సున్నమే భేదము.

మన సంస్కర్తలు సయిత మీ సంగతిని క్రమముగనే గ్రహించిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహము నడుచుచుండగా, గాంధీమహాత్ముడు గుజరాతున కల్లు గీయు ఈతచెట్లను నఱుకుడని జనులను ప్రోత్సహించెను. నాలుగేండ్లకు, 1934లో, ఆయన పూనికచేతనే అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘ మేర్పడెను. ఆ సంఘము తాటిబెల్లపు పరిశ్రమను చేపట్టెను. గజానన నాయక్ గారు దానికై చిరకాలము పాటుపడిరి. గొడ్డలి చేయలేని పనిని పొయ్యి చేయగలదని వారు తలంచిరి. చెట్టును కొట్టినచో త్రాగువాడు వేఱొకచోటికి పోవును, గీయువాడు పస్తుండును. బెల్లము వండినచో ఇద్దఱికిని దారి కలదు.

నా మిత్రు డొకడు, మంచి సంస్కారి, ఈ మాట నొప్పుకొనడు. "చెట్టుండినంతకాలము కల్లు తప్పదు, మూలమును తీసివేసిన పీడ విరగడ" యని ఆయన వాదము. ఆయన యుద్దేశమును నేను శంకింపను. కాని మన రాష్ట్ర చరిత్రయే దానికి సమాధానము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము వ్యాపించి 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో అది సడలెను. వారి కాపురములను కూల్చిన సారా తాటిచెట్టునుండి దిగినది కాదు. ఆ యిల్లాండ్రు అంగడిమీదికి పోయిరి గాని చెట్టుమీదికి పోలేదు. వారి వివేకము మన కాదర్శము.

ఇప్పుడు చెట్టునకు వచ్చిన యపాయము సంస్కర్తలవలన గాదు. బాటలు వెడల్పు చేయునప్పుడును, పొలములు ఇండ్లస్థలము లగునప్పుడును, మొట్టమొదట పడునది తాడి. దానిపై అడుగువాడు లేడు. కల్లుచెట్టే కదా యను పాతనింద నఱుకువానికి ధైర్య మిచ్చుచున్నది. తక్కిన చెట్లను కొట్టినను కొన్ని మరల చిగిర్చును. తాడికి మొవ్వు ఒక్కటే. తల తెగినచో చెట్టు చచ్చినట్లే.

పొరుగువారు మేలుకొనిరి. తమిళనాడున తాడి రాష్ట్రవృక్షము. కలెక్టరు అనుమతి లేనిదే దానిని నఱుకరాదని 2021లో అచ్చటి ప్రభుత్వము ప్రకటించెను. మనకును సాధనములు లేకపోలేదు. కోరుకొండ బాటనే గోకవరము దాటి మన్యమువైపు పోయినచో, రంపచోడవరము చెంత పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన కేంద్రము కలదు. తాడిని గూర్చియు, నీరాను గూర్చియు అచ్చట పరిశోధనలు జరుగుచున్నవి. అచ్చటి విద్య మన వంటయింటికి చేరుటయే కొఱత.

అది చేరవలెనన్న మన మడుగవలెను. కొట్టువానిని తాటిబెల్లము తెమ్మని యడిగిన యిల్లాలు, సభలో ఉపన్యసించినవానికంటె గీతగానికి ఎక్కువ మేలు చేయును. పండు తిని పారవేయు టెంకలలో రెండింటిని పిల్లలచేత గట్టుమీద పాతించుట ఖర్చులేని పని. ఆ చెట్టు కాపునకు వచ్చుటకు పదునైదేండ్లయినను పట్టును. నేడు టెంక పాతిన బాలిక, సంసారిణియై, తన బిడ్డకు దాని ముంజె నొలిచి పెట్టును. ఆ బిడ్డకు పాత సామెత తెలియకున్నను నష్టము లేదు.