72 చిత్రాల మండువా

మండువా లోగిలిని ఫోటోలో పట్టడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది. నడుమ ఆకాశానికి తెరచిన చదరం, అందులో మధ్యాహ్నపు ఎండ. చుట్టూ వసారా, దాని వెనుక కిటికీలు లేని గదులు. మన కన్ను ఒక్కొక్క చోటికీ సర్దుకుంటూ అన్నిటినీ చూసేస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఆకాశానికి కుదిర్చితే గది మసి, గదికి కుదిర్చితే ఆకాశం సున్నం.

చిక్కు పాతదే. 1850లలోనే గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు సముద్రానికొకటి, మేఘాలకొకటి నెగెటివులు తీసి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేశాడు. మా పెదనాన్నగారి ఇంటికి రెండు చాలవు. ఆ వేసవిలో ఇల్లు విప్పేస్తారని తెలిసి వెళ్ళాను కనుక మరో అవకాశమూ లేదు. కొలిచి చూస్తే ఎండకు సెకనులో వెయ్యోవంతు, గాదె గదికి నిండు సెకను కావలసివచ్చింది. నాలుగేసి రెట్లు పెంచుకుంటూ పోతే ఆరు మెట్లు. ముప్పై డిగ్రీలకొకసారి తిప్పితే పన్నెండు దిక్కులు. వెరసి 72 చిత్రాలు. నా కెమెరాలోని బ్రాకెటింగేమో మూడింటితోనే ఆగిపోతుంది.

చేత్తో చక్రం తిప్పుతూ తీయవచ్చు. కానీ తాకినప్పుడల్లా ట్రైపాడు వెంట్రుకవాసి కదులుతుంది. అంతకంటె ముఖ్యం, సూర్యుడు ఆగడు. నాలుగు నిమిషాలకొక డిగ్రీ జరుగుతాడు. మొదటి దిక్కుకూ చివరి దిక్కుకూ మధ్య స్తంభం నీడ పక్కకు పాకిపోతుంది. లెక్కవేస్తే 72 చిత్రాలకూ కలిపి షట్టరు తెరచి ఉండేది పదహారు సెకన్లే! మిగిలిన కాలమంతా వేళ్ళ తడబాటుదే. అందుకని కెమెరాను లాప్‌టాపుకు తగిలించి, జీఫోటో2 అనే ఉచిత సాఫ్టువేరుతో పది పంక్తుల స్క్రిప్టు రాసుకున్నాను. ఒక మీట నొక్కితే ఆరు వేగాలూ వరుసగా మార్చి తీస్తుంది. నేను తిప్పుతాను, మళ్ళీ మీట. (తీగ ట్రైపాడు కాళ్ళకు చుట్టుకోకుండా ఆవు పలుపులా పట్టుకు తిరగడం ఏ స్క్రిప్టూ చేయదు.)

దానికి ఎక్కువ తెలివి నేర్పలేదు. చీకటి మూలకు వెయ్యోవంతు వృథాయే. అయినా అతుకుల దగ్గర పక్కపక్క చిత్రాల వెలుగు ఒకే కొలతలో ఉండాలి. అపెర్చరు ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, ఫోకసు, వైట్ బాలెన్సు అన్నీ కట్టేశాను. మారేది షట్టరొక్కటే.

హ్యూగిన్ అతికింది, ఎన్‌ఫ్యూజ్ కలిపింది. ప్రతి బిందువుకూ ఏ చిత్రంలో వెలుగు మధ్యస్థంగా ఉందో దానికి ఎక్కువ తూకమివ్వడం దీని పద్ధతి. ఎక్కడా అతుకు కనబడలేదు. పెద్దమ్మకు చూపించాను.

"గాదె గదిలో ఇంత వెలుతురు ఎప్పుడుందిరా?" అంది. తరువాత తెర మీదకు వంగి, గోడగూటిలోని మసి మరక మీద వేలు పెట్టి, "మీ నాయనమ్మ దీపం," అని ఊరుకుంది.

ఆ మరక నిండు సెకను చిత్రంలో తప్ప మరెందులోనూ లేదు. దాన్ని తీసేస్తే గదికి తన చీకటి తిరిగి వస్తుంది, దీపం గుర్తు పోతుంది. రెండు విధాలుగానూ కూర్చాను. నా గోడకు వేసుకున్నది చీకటిగా ఉన్నదే. పెద్దమ్మ రెండోది అడిగి తీసుకుంది. స్తంభాలను పాత కలప వర్తకుడు లారీలో పట్టుకుపోయాడు. 72 ముడి ఫైళ్ళనూ కలపకుండా రెండు డిస్కులకెక్కించి, ఒకటి అన్నయ్యకిచ్చాను.