లారీ వచ్చింది, సరుకు దిగలేదు

గూడెం ఉల్లి మార్కెట్లో బాబాయి కమీషన్ కొట్టుకి చిన్న ప్రోగ్రాం రాసిచ్చా. కాటా చీటీ ఫైలు ఫోల్డర్లో పడగానే బిల్లు తీయాలి. మొదట్లో 5 సెకన్లకోసారి ఫోల్డరంతా వెతికించేవాణ్ణి. గుమాస్తాని నిమిషానికి 12 సార్లు గేటు దాకా తిప్పినట్టు! తర్వాత ఐనోటిఫై పెట్టా. 2005 నుంచీ లినక్స్ కెర్నెల్లోనే ఉంది. మార్పు జరిగితే అదే కబురు పెడుతుంది.

నిన్న సగం బస్తాలకే బిల్లొచ్చింది. ఫైలు పుట్టగానే చదివేశా, రాయడం ఇంకా అవ్వలేదు.

"లారీ గేట్లోకి రాగానే లెక్క కట్టేస్తావేంట్రా, సరుకు దిగనీ" అన్నాడు బాబాయి. ఆయనకి కంప్యూటరు రాదు.

ఇప్పుడు ఫైలు పుట్టగానే వచ్చే ఐఎన్_క్రియేట్ కబురు తీసేసి, ఫైలు రాసి మూశాక వచ్చే ఐఎన్_క్లోజ్_రైట్ కోసం ఆగుతున్నా. అన్నట్టు, లోపలి ఫోల్డర్లని ఐనోటిఫై తనంతట తాను చూడదు. ఒక్కోదానికీ విడిగా కాపలా పెట్టుకోండి.