రంగు ఒకటే, జీతాలు వేరు

అమెరికాలో డెల్టానో యునైటెడో టికెట్టు కొని చిన్న జెట్ ఎక్కేటప్పుడు తలుపు పక్కన చూడండి. చిన్న అక్షరాల్లో స్కైవెస్ట్ అనో రిపబ్లిక్ అనో ఉంటుంది. రంగు పెద్ద కంపెనీది, పైలట్ చిన్న కంపెనీ ఉద్యోగి. జీతం కూడా చిన్నదే! ఇది ఎంతవరకూ పోవచ్చో పెద్ద కంపెనీల పైలట్ యూనియన్లు ఒప్పందాల్లో గీత గీశాయి: 76 సీట్లు, 86,000 పౌన్ల బరువు. అది దాటితే మేమే నడపాలి అని. 2019లో మొదటిసారి ఎగిరిన ఎంబ్రేయర్ ఈ175-ఈ2 ఈ బరువు దాటడంతో అక్కడ రీజినల్ కంపెనీలకి పనికిరాలేదు.

మనకిదేం కొత్త కాదండోయ్. గుంటూరు, ఒంగోలు వైపు ఆర్టీసీ అద్దె బస్సుదీ ఇదే కథ. బోర్డు, టికెట్టు ఆర్టీసీవి. బస్సు, డ్రైవరు ఓనరువి. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. అద్దె బస్సు డ్రైవరు ఓనరు దగ్గరే ఉండిపోయాడు. మన ఆఫీసుల్లో మాత్రం? ఒకే ప్రాజెక్టు, ఒకే బగ్గు, మెడలో రెండు రంగుల బ్యాడ్జీలు :)

గీత గీయడం తప్పని నేననను. అది లేకపోతే పనంతా చవక వైపే జారిపోతుంది. కానీ గీత ఇవతలి వాళ్ళనే కాపాడుతుంది. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ విమానం కూలి 50 మంది పోయారు. ప్రయాణికులు కొన్న టికెట్టు కాంటినెంటల్‌ది. పైలట్ల అలసట, తక్కువ జీతాలు చర్చకొచ్చింది ఆ తర్వాతే.

ఎన్ని సీట్లు మావి అనడం కంటే, ఎవరు నడిపినా అదే విశ్రాంతి, అదే జీతం అని అడగడం మేలు. మా వైపు ఒకే మిరపచేలో ఇద్దరికి రెండు కూలిరేట్లు ఇచ్చి చూడండి, కోత ఆ పూటే ఆగిపోతుంది. చదువుకున్న మనకే ఆ మాట అడగడం రావట్లేదు.