మా తాత కత్తి

తుప్పుకు నీళ్ళే కారణమని అందరికీ తెలుసు. కాని కనిపించే నీళ్ళకన్నా కనిపించని చెమ్మే గజదొంగ!

మా తాత ఊళ్ళో క్షురకవృత్తి చేసేవాడు. పని వేపచెట్టు కిందే గనుక ఎండా గాలీ కత్తిని వెంటనే ఆరబెట్టేవి. ఆ కత్తి ఇప్పుడు ఎస్.ఆర్. నగర్‌లో మా అద్దెగదిలో ఉంది. ఇక్కడి స్నానాలగదికి కిటికీ లేదు. నలుగురం వరసగా స్నానం చేశామంటే గోడలకే చెమటలు పడతాయి. ఇక శ్రావణమాసపు ముసురు సరేసరి.

స్టెయిన్‌లెస్ ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండి కాపాడుతుంది. పాతకత్తుల కర్బన ఉక్కుకు ఆ కవచం లేదు. కాబట్టి కత్తి స్నానాలగదిలో ఉండనే కూడదు. గడ్డం గీసుకోగానే మెత్తని పాతపంచె ముక్కతో వీపునుంచి అంచువైపుకు తుడవాలి. నీరు దాక్కునేది పిడిని కలిపే చీల దగ్గర. అక్కడ గుడ్డకొస దూర్చి లాగాలి. గదిలో ఎత్తయిన అరమీద విప్పి ఆరనిచ్చి, తోలుపట్టీమీద నాలుగుసార్లు నూరి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క పూయాలి. కొబ్బరినూనె వద్దు, జిగట కడుతుంది. తోలుసంచీ అసలే వద్దు, అది చెమ్మను పట్టి ఉంచుతుంది. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికాజెల్ పొట్లం పక్కన పడేసి, ట్రంకుపెట్టెలో దాచితే చాలు.

"ఇంత తతంగం దేనికిరా, ఓ బ్లేడు కొనుక్కోరాదూ?" అంటారు గదిమిత్రులు. నిజమే, సెలూన్లలోనూ బ్లేడు మార్చే కత్తులే వచ్చేశాయి. కాని మా తాతకు ఒక్క ఫోటో కూడా లేదు. ఆయన చేతిలో ఏళ్ళతరబడి నూరుడుకు అరిగిన ఈ అంచే మాకు మిగిలింది. తుప్పు మొదట తినేదీ ఆ అంచునే.