పెపిన్ ఒడ్డున పడవ దించిన రోజు

అమెరికాలోని మిన్నెసోటాలో కార్ల నంబర్ ప్లేట్ల మీద ‘10,000 సరస్సులు’ అని రాసి ఉంటుంది. నిజానికి ఆ లెక్క తక్కువే. పదెకరాలు దాటిన సరస్సులే 11,842 ఉన్నాయని రాష్ట్ర ప్రభుత్వం చెబుతుంది. మరి ఇన్ని నీళ్లున్న చోట పడవలు ఎన్ని ఉండాలి! ఏ వీధిలోకి వెళ్లినా ఇంటి పక్కన ట్రైలర్ మీద టార్పాలిన్ కప్పుకుని ఓ పడవ కనిపిస్తుంది. ఉద్యోగం కోసం మినియాపొలిస్ వచ్చిన కొత్తలో నాకిది పెద్ద వింత. మాది కాకినాడ. పడవంటే నీళ్లలో ఉండాలి, లేదంటే ఉప్పాడ ఒడ్డున ఇసుకలో ఉండాలి. ఇలా చక్రాల మీద కూర్చుని ఊళ్లు తిరగడమేంటి?

ఆ వింతని నాకు దగ్గర్నుంచి చూపించిన ఊరు లేక్ సిటీ.

నదిలోనే సరస్సు

మినియాపొలిస్ నుంచి ఆగ్నేయంగా గంటన్నర ప్రయాణం. రెడ్ వింగ్ దాటాక 61వ నంబర్ హైవే మిసిసిపి నది పక్కనే సాగుతుంది. ఓ చోట నది ఉన్నట్టుండి సముద్రంలా విచ్చుకుంటుంది. అదే లేక్ పెపిన్. పేరుకి సరస్సే కానీ అది మిసిసిపి నదే. కింద చిప్పెవా అనే ఉపనది తెచ్చి పోసిన ఇసుక మేట అడ్డుకట్టలా నిలబడటంతో, దానికి ఎగువన నీళ్లు ఇలా పరుచుకున్నాయి. పొడవు దాదాపు 35 కిలోమీటర్లు, వెడల్పు కొన్నిచోట్ల మూడు కిలోమీటర్లు. ఇవతలి ఒడ్డు మిన్నెసోటా, అవతలి ఒడ్డు విస్కాన్సిన్. రెండు వైపులా నిటారుగా కొండలు.

వాటర్ స్కీయింగ్ పుట్టింది ఇక్కడే. 1922లో రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే 18 ఏళ్ల కుర్రాడు ‘మంచు మీద జారగలిగినప్పుడు నీళ్ల మీద ఎందుకు జారలేం?’ అనుకుని, రెండు చెక్క పలకల కొసల్ని వేడినీళ్లతో మెత్తబరిచి పైకి వంచి, పడవ వెనక తాడు పట్టుకుని ఈ నీళ్ల మీదే నిలబడ్డాడు. ఊరు ఆ సంగతిని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

గర్వంతో పాటు భయం కూడా ఉంది. 1890 జులైలో ‘సీ వింగ్’ అనే విహార నౌక గాలివానలో ఇక్కడే తిరగబడి 98 మంది పోయారు. కొండల మధ్య నుంచి గాలి ఎప్పుడు ఎలా తిరుగుతుందో చెప్పలేం అంటారు స్థానికులు. నీళ్లనీ పడవనీ తేలిగ్గా తీసుకోని మనుషులు వాళ్లు.

ట్రైలర్‌కి జబ్బు చేస్తే

మా టీమ్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఈ ఊళ్లోనే ఉంటారు. డెబ్బై దాటాయి. మార్చి నెలాఖర్లో ఫోన్ చేసి, ‘‘శనివారం ఖాళీయేనా? ట్రైలర్ మీంచి పడవ దించాలి. రెండో మనిషి కావాలి’’ అన్నారు. తర్వాత ఆయన భార్య ఫోన్ తీసుకుని, ‘‘నువ్వు రాకపోతే ఈయన ఒక్కడే మొదలుపెట్టేస్తాడు. దయచేసి రా’’ అన్నారు. అంతకుముందు ఏటా సాయానికి వచ్చే కొడుకు ఉద్యోగం మారి దూరం వెళ్లిపోయాడట.

ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు కరగడానికి. ఆ ఉప్పునీళ్లు ఇనుముని తినేస్తాయి. పెద్దాయన ట్రైలర్‌కి వెనక అడ్డకమ్మీ పొరలు పొరలుగా రాలిపోతోంది. పడవని మోసే పొడవాటి చెక్కలు కూడా కార్పెట్ కింద తడికి పుచ్చిపోయాయి. అడ్డకమ్మీకి వెల్డింగ్ చెయ్యాలి. పైన పడవ, అందులో పెట్రోలు ట్యాంకు పెట్టుకుని కింద నిప్పురవ్వలు ఎగరెయ్యలేం కదా. దించక తప్పదు.

అన్నింటికన్నా తేలికైన దారి పడవని నీళ్లలోకి దించేసి, ఖాళీ ట్రైలర్‌ని షెడ్డుకి పంపడం. పడవ బరువు నీళ్లే మోస్తాయి. కానీ మార్చిలో పెపిన్ ఇంకా మంచుగడ్డే. సైన్యానికి చెందిన ఇంజనీర్లు ఏటా ఫిబ్రవరి నుంచి దీని మీద మంచు మందం కొలుస్తూ ఉంటారు. ఎందుకంటే ఇది కరిగితేగానీ సరుకు బార్జీలు పైన సెయింట్ పాల్ దాకా వెళ్లలేవు. మంచు కరిగాక నీళ్లలో వారాల తరబడి ఉంచినా ఇంకో తంటా. జీబ్రా మస్సెల్ అనే చిన్న చారల ఆల్చిప్పలు పడవ అడుగుకి అతుక్కుపోతాయి. అవి వేరే సరస్సుకి పాకకుండా మిన్నెసోటాలో చట్టమే ఉంది. ఒడ్డుకి లాగిన పడవకి అడుగు బిరడా తీసి, నీళ్లన్నీ వదిలేశాకే రోడ్డెక్కాలి.

రెండో దారి మెరీనాలో యంత్రంతో ఎత్తించడం. ఖర్చు ఉంటుంది కానీ పెద్ద పడవలకి అదే సరైన పద్ధతి. పెద్దాయనది 18 అడుగుల ఫైబర్ పడవ, ఇంజనుతో కలిపి టన్ను పైమాటే. మెరీనా ఇంకా తెరవలేదు. అందుకే మూడో దారి: చెక్క దిమ్మలు, జాకీ, ఓపిక.

ముందు మాట్లాడుకోవాలి

నేను వెళ్లేసరికి గరాజ్ వెనక కంకర నేల మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ట్రైలర్‌ని ట్రక్కు నుంచి విప్పి, చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు కొట్టారు. పడవలోంచి పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, చేపల సామాను దించేశారు. బిరడా తీసి నీళ్లు వదిలేశారు. లీటరు నీళ్లంటే కిలో బరువు, అడుగున కనపడకుండా యాభై లీటర్లు నిలిచి ఉంటే లెక్కంతా మారిపోతుంది. ఇంజను పైకి తిప్పి గొళ్లెం పెట్టారు. టార్పాలిన్ కూడా తీసేశారు, గాలికి అదే తెరచాప అవుతుందని.

పని మొదలెట్టే ముందు నాకు మూడు మాటలు చెప్పారు.

ఒకటి: పడవ కిందకి మనిషి వెళ్లకూడదు. చెయ్యి కూడా. దిమ్మని జరపాలంటే ఇంకో కర్రతో తోయాలి.

రెండు: జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. జాకీ ఎంత లేపితే అంతవరకూ దిమ్మలు పేర్చుకుంటూ రావాలి. సిమెంటు ఇటుకలు మాత్రం వద్దు. ‘‘కర్ర కిర్రుమని చెప్పి మరీ విరుగుతుంది. సిమెంటు ఇటుక చెప్పదు.’’

మూడు: ఇద్దరిలో ఎవరు ‘ఆగు’ అన్నా ఇద్దరూ ఆగాలి. ఎందుకని అడగడం తర్వాత.

ముక్కు దించితే తోక లేస్తుంది

ఇందులో ఉన్న కిటుకు చిన్నప్పటి తూగుడు బల్లదే. ట్రైలర్‌కి ఇరుసు మధ్యలో ఉంటుంది. ముందుభాగంలో తిప్పే జాకీ ఉంటుంది. ముక్కు దించితే వెనక లేస్తుంది, ముక్కు లేపితే వెనక దిగుతుంది. పడవని ఎత్తడానికి వేరే క్రేన్ అక్కర్లేదు, ట్రైలరే ఎత్తుతుంది.

పడవ వెనక్కి కట్టిన పట్టీలు విప్పేశాం. అవి ఉంటే పడవా ట్రైలరూ విడిపోవు. ముందు విన్చ్ పట్టీని మాత్రం కొంచెం వదులు చేశారు, తియ్యలేదు. దాని ఎదురుగా నిలబడొద్దన్నారు. తెగితే కొరడాలా కొడుతుంది.

ముక్కు పూర్తిగా దించాం. వెనకభాగం పైకి లేచింది. నేల మీద ప్లైవుడ్ ముక్కలు పరిచి, ఇంజను ఉండే వెనక గోడకి అటూ ఇటూ రెండు గూళ్లు కట్టాం. ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డం, చిన్నప్పుడు అగ్గిపుల్లలతో కట్టేవాళ్లం కదా, అలా. వాటి మీద పడవ వెడల్పంతా వచ్చే దూలం, దూలం మీద పాత కార్పెట్. ఫైబర్ పడవ వెడల్పాటి ఆనుకి బాగా తట్టుకుంటుంది, ఒకే బిందువు మీద బరువు పడితే పగులుతుంది. అందుకే లోపల బలమైన గోడలున్న చోట చూసి ఆనించాలి.

తర్వాత పెద్దాయన ముందుకెళ్లి జాకీ తిప్పడం మొదలెట్టారు. ముక్కు లేస్తోంది. ట్రైలర్ వెనకభాగం దిగి, పడవ దూలం మీద కూర్చుంటోంది. నేను పక్కన నాలుగడుగుల దూరంలో నిలబడి గూళ్లని చూస్తున్నాను.

ఎడమ గూడు కింద ప్లైవుడ్ ఒక మూల దిగడం కనిపించింది. వేలెడంత కూడా కాదు.

పెద్దవాళ్లు పని చేస్తుంటే మధ్యలో ‘ఆపండి’ అని అరిచే అలవాటు మనకి ఉండదు. అందులోనూ ఆయన ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, నేను మొదటిసారి చూస్తున్న పని. అయినా మూడో మాట గుర్తుంది. ‘‘ఆగండి!’’ అన్నాను.

చెయ్యి ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది. వచ్చి చూశారు. ఏమీ అనలేదు. వెనక్కి వెళ్లి జాకీని అటునుంచి ఇటు తిప్పారు. ముక్కు దిగింది, ట్రైలర్ వెనకభాగం లేచి పడవని మళ్లీ తన మీదకి తీసుకుంది. గూడు తీసి కంకర తవ్వితే కింద ఐసు. పైన ఎండకి కంకర ఆరినట్టుంది గానీ అడుగున గడ్డ కరిగి బురదవుతోంది. ‘‘ఇంకో అరగంటయితే టన్ను బరువు ఎడమకి ఒరిగేది’’ అన్నారు. బురద తీసేసి, గట్టినేల మీద కంకర దిమ్మిస చేసి, ఈసారి వెడల్పాటి మందపు పలకలు వేశాం. గంట పట్టింది. ఆ గంటలో ఆయన భార్య రెండుసార్లు కాఫీ తెచ్చి, రెండుసార్లూ నా భుజం తట్టి వెళ్లారు.

నాకు నచ్చింది అదే. ప్రతి అడుగూ వెనక్కి తీసుకోగలిగేలా ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో రోల్‌బ్యాక్. వెనక్కి రాలేని అడుగు ఆ పనిలో ఎక్కడా వెయ్యలేదు.

బోయీలు భుజం మార్చుకున్నట్టు

ఈసారి గూళ్లు కదల్లేదు. ముక్కు లేపినప్పుడే పడవ ముందుభాగం కింద, ట్రైలర్ అడ్డకమ్మీల మధ్య ఖాళీలో మూడో గూడు కట్టాం. పడవ అడుగున వెన్నెముకలా ఉండే కీల్ దాని మీద ఆనాలి. ముక్కు దించగానే పడవ ముందూ వెనకా దిమ్మల మీద నిలబడింది. అప్పుడు విప్పారు విన్చ్ పట్టీ, అన్నింటికన్నా చివర్న.

ఇక ట్రైలర్‌ని ముందుకి లాగాలి. కానీ వెనక ఉన్న అడ్డకమ్మీకి మూడో గూడు అడ్డం. అందుకే ట్రైలర్‌ని గూటి దాకా జరిపి, అడ్డకమ్మీ దాటొచ్చిన ఖాళీలో ఇంకో గూడు కట్టి, సన్న చీలలు కొట్టి బిగించి, పడవ దాని మీద ఆనిందని చూసుకున్నాకే పాత గూడు తీశాం. మళ్లీ జరపడం, మళ్లీ కట్టడం. పల్లకీ మోసే బోయీలు భుజం మార్చుకునేటప్పుడు కొత్త భుజం ఆనాకే పాత భుజం జారుతుంది చూడండి, అలా మూడుసార్లు. ట్రైలర్ ఖాళీ చేసిన చోటల్లా అటూ ఇటూ స్టాండ్లు పెట్టి, ఎదురెదురు స్టాండ్లని కింద చెయిన్‌తో కలిపి కట్టాం. అవి బరువుకి కాదు, పక్కకి ఒరక్కుండా.

ట్రక్కు వాడలేదు. ‘‘ట్రక్కయితే దిమ్మకి తగిలినా నీకు తెలీదు. చేతికయితే తెలుస్తుంది’’ అన్నారు. బరువు లేని ట్రైలర్ ఇద్దరికీ తేలిగ్గానే కదిలింది.

ఉప్పాడలో ‘హైలెస్సా’ అంటూ పదిమంది భుజాలు పెడితే పడవ ఇసుకలోకి ఎక్కేది. ఇక్కడ ఆ పదిమంది లేరు. కొడుకు కూడా దూరంగా ఉన్నాడు. ఆ భుజాల పని దిమ్మలు చేశాయి, కళ్ల పనికి మాత్రం రెండో మనిషి కావాల్సి వచ్చింది.

వెళ్లాలనుకుంటే

లేక్ సిటీకి మంచి కాలం మే నుంచి అక్టోబర్. ఆకులు రంగు మారే అక్టోబర్‌లో ఆ కొండల్ని చూడాలి. చలికాలంలో వెళ్తే ఇంకొంచెం కిందకి వబాషా దాకా వెళ్లండి. అక్కడ నేషనల్ ఈగల్ సెంటర్ ఉంది. ప్రవాహం వల్ల గడ్డకట్టని నీళ్ల కోసం బట్టతల గద్దలు చెట్ల మీద బారులు తీరి ఉంటాయి. మీకో స్నేహితుడి పడవ ఉండి, దాన్ని దించడానికి రమ్మంటే, చదునైన గట్టినేల ఉందా, రెండో మనిషి ఉన్నాడా అని ముందు అడగండి. లేకపోతే మెరీనాకి ఫోన్ చెయ్యమనండి.

మధ్యాహ్నం ఒంటిగంటకి ట్రైలర్ వెల్డింగ్ షెడ్డుకి బయల్దేరింది. పడవ మీద టార్పాలిన్ కప్పుతూ, దాని తాళ్లని స్టాండ్లకి మాత్రం కట్టనివ్వలేదు పెద్దాయన. గాలికి తాడు లాగితే స్టాండే జారిపోతుందట. తర్వాత సుద్దముక్క తీసుకుని దిమ్మల మీద 1, 2, 3 అని నంబర్లు వేశారు. రెండు వారాల తర్వాత ఎక్కించేటప్పుడు ఇదంతా చివర్నుంచి మొదటికి చెయ్యాలి. ఆ శనివారానికి నా పేరు వాళ్ల ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఆవిడే రాసుకున్నారు.