తినదగినదంతా పీల్చదగినది కాదు

మామిడి వాసన వచ్చే సీసాను చూసి మన చిత్తూరు ప్రాంతం వారెవరూ భయపడరు. తోతాపురి గుజ్జు పరిశ్రమల నడుమ పెరిగినవాళ్ళం. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా చెప్పవలసి వస్తున్నది.

ఇటీవల తిరుపతిలో ఒక తండ్రి, కళాశాలలో చదివే కుమారుని గదిలో దొరికిన ఎసెన్సు సీసాను నాకు చూపించారు. ఆ అబ్బాయి దానితో వేపింగ్ ద్రవాన్ని సొంతంగా కలుపుకుంటున్నాడట. "కేకులో వేసేదే కదా, తింటే లేని హాని పీలిస్తే ఎందుకు వస్తుందని అడుగుతున్నాడు సార్, ఏమి చెప్పమంటారు?" అన్నారాయన.

ప్రశ్న సహేతుకమైనదే. అటువంటి సీసాలో సువాసననిచ్చే పదార్థం సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. మిగిలినదంతా దానిని కరిగించి మోసే వాహక ద్రవం: ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఆల్కహాల్, కొన్నిటిలో నూనె. ఆహారంలో వీటికి అనుమతి ఉన్నది. ఆ అనుమతి కడుపును దృష్టిలో ఉంచుకొని ఇచ్చినది. తిన్నదానిని జీర్ణరసాలు విడగొడతాయి, కాలేయం వడగడుతుంది. ఊపిరితిత్తులలో గాలికీ రక్తానికీ మధ్య ఉన్నది అతి పలుచని పొర మాత్రమే.

పైగా ఆ ద్రవం చల్లగా లోపలికి పోదు. కాలే తీగ మీద గ్లిజరిన్ కొంత విచ్ఛిన్నమై అక్రోలిన్ పుడుతుంది. బాణలిలో నూనె మాడినప్పుడు కళ్ళు మండించే ఘాటు అదే. ప్రొపిలీన్ గ్లైకాల్ నుండి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. వైద్యవిద్యార్థులుగా మేము మృతదేహాల పక్కన పీల్చిన ఫార్మాలిన్‌లో ఉన్నది కూడా అదే.

నూనె సంగతి మరీ ప్రమాదకరం. పసిబిడ్డలకు స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు మనవైపు ఉండేది. అది ఊపిరితిత్తులలోకి జారితే అరగక అక్కడే నిలిచి, ఒక రకమైన న్యుమోనియాకు దారితీస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన రోజుల్లో ఆ అలవాటు మానమని ఎందరో అమ్మమ్మలకు నచ్చజెప్పాను. ఇప్పుడు మనవళ్ళకు చెప్పవలసి వస్తున్నది.

2019లో అమెరికాలో వేపింగ్ చేసినవారిలో తీవ్రమైన శ్వాసకోశ వ్యాధి విజృంభించింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది మరణించారు. ప్రధానంగా అనుమానించినది గంజాయి ద్రవాలలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌ను. మాత్రలలోనూ చర్మపు క్రీములలోనూ వాడే నూనెవంటి పదార్థమది.

మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీని, అమ్మకాన్ని, నిల్వను నిషేధించింది. కనుక గదిలో కలిపిన ద్రవాన్ని పరీక్షించేవారు ఎవరూ లేరు. సీసా మీద 'ఫుడ్ గ్రేడ్' అని ఉంటే దాని అర్థం తినవచ్చునని మాత్రమే.

తల్లిదండ్రులకు నా విన్నపం: పిల్లలను దండించకముందు ఈ తేడాను వివరించండి. మానాలనుకునే వారికి 1800-11-2356 అనే ఉచిత నంబరులో సలహా దొరుకుతుంది. వేపింగ్ చేసేవారికి దగ్గు, ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఏమి పీల్చారో వైద్యునికి దాచకుండా చెప్పండి. ఆ సీసాను కూడా వెంట తీసుకువెళ్ళండి.