గెలిచినప్పుడు పోయిన డబ్బు

2015 దసరా తర్వాత మొదలై 2017 ఉగాది దాకా సాగింది. ఆన్‌లైన్ పోకర్‌లో అన్నాళ్లూ నేను ఓడిపోతూనే ఉన్నాను. గెలిచిన రాత్రులు లేవని కాదు. నెలాఖరుకు లెక్క చూస్తే మాత్రం ఎప్పుడూ కిందికే. మొత్తం పోయింది 2 లక్షల 40 వేల చిల్లర. కోట్లు పోగొట్టుకున్నవాళ్ల సంగతులు పేపర్లో చదివేవాళ్లకు ఇదేం పెద్ద మొత్తమనిపించకపోవచ్చు. అప్పట్లో నా జీతం 24 వేలు.

రాణిగంజ్‌లో పంపులు, పైపులు అమ్మే హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. ఇల్లు సీతాఫల్‌మండిలో. పేకాట మా ఇంట్లో కొత్తేం కాదు. పెళ్లయినా పండగైనా పొద్దుపోయాక చాప పరిచి పదమూడు ముక్కలాట వేయాల్సిందే. మా చిన్నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. దాన్ని జూదం అంటే ఒప్పుకునేవాడు కాదు. "సుప్రీంకోర్టే చెప్పింది రా, రమ్మీ తెలివితోని ఆడేదని. అది గూడ మన లష్కర్ కేసే" అనేవాడు.

ఆయన మాట అబద్ధం కాదు. లష్కర్ అంటే సికింద్రాబాదే. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, పందెం కట్టి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేస్తే హైకోర్టు కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కి 1967 నవంబరులో అక్కడా ఓడిపోయింది. మూడు ముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలిసుండాలనీ జస్టిస్ హిదయతుల్లా రాశారు. దేశంలో ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు తర్వాత కోర్టుకు వెళ్లినప్పుడు ముందు పెట్టుకున్నది ఈ తీర్పునే. పోకర్ వాళ్లూ అదే దారి పట్టారు.

నేను రమ్మీ వదిలి పోకర్‌కు మారింది కూడా అందుకే. ఇంకా తెలివైనవాళ్ల ఆట అన్నారు. పుస్తకాలున్నాయి, వీడియోలున్నాయి, శాతాలున్నాయి. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి శాతాలు తొందరగానే పట్టుబడ్డాయి. చేతికి ఆసుల జత రావడం 221 సార్లకు ఒకసారి. ఆసుల జత, రాజుల జత ఎదురుపడి మొత్తం డబ్బు మధ్యలోకి పోతే ఆసులు ఐదింట నాలుగుసార్లు గెలవాలి. ఇవన్నీ నోటికొచ్చేవి. ఆ ఓటమి వరసకు ముందు, మొదటి ఏడాది కాస్త లాభమే చూశాను.

ఓటమి వరస మొదలయ్యాక ఈ శాతాలే నన్ను నిద్రపోనివ్వలేదు. పోకర్‌లో ఉన్న చిక్కేమిటంటే, బాగా ఆడేవాడూ చెడ్డగా ఆడేవాడూ నెలల తరబడి ఒకేలా ఓడిపోవచ్చు. నూరు హ్యాండ్లకు, అంటే నూరు పంపకాలకు, సగటున రెండు బిగ్ బ్లైండ్లు (ప్రతి పంపకంలో తప్పనిసరిగా పెట్టే పెద్ద పందెం) గెలిచే నికార్సయిన ఆటగాడు కూడా 50 వేల హ్యాండ్లు ఆడాక నష్టంలో ఉండే అవకాశం దాదాపు మూడో వంతు. ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. ఇలాంటి ఓటమి వరసనే ఆటగాళ్లు డౌన్‌స్వింగ్ అంటారు. ఓపిక పట్టమంటారు, ఆట మంచిదైతే డబ్బు తిరిగొస్తుందంటారు. తప్పు సలహా కాదు. కానీ నా ఆట మంచిదా కాదా అని చెప్పగలిగింది ఆ డబ్బొక్కటే, అది రావడం లేదు. ఇంకో 20 వేల హ్యాండ్లు ఆడితే తెలుస్తుందనుకునేవాణ్ణి. అవి అయ్యాక ఇంకో 20 వేలు.

ఒంటి సంగతి చెప్పాలి. రాత్రి పదకొండుకు కూర్చుంటే మూడింటికి లేచేవాణ్ణి. లేచాక కూడా కళ్లు మూస్తే ముక్కలే. పొద్దున సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే, పక్క టేబుల్ మీద బిల్లు కోసం పెట్టిన నోట్లు చూసి పాట్‌లో, అంటే మధ్యలో పోగయిన పందెంలో, ఎంత ఉందో లెక్కపెట్టేవాణ్ణి. అన్నం సయించేది కాదు. చిన్నదానికీ పిల్లవాడి మీద అరిచేవాణ్ణి. టిల్ట్ అంటే కోపంతో అడ్డదిడ్డంగా ఆడటమని పుస్తకాల్లో ఉంటుంది. నాకు కోపం వచ్చేది కాదు, ఒకలాంటి మొద్దుబారినతనం వచ్చేది. వెయ్యి పోయినా, నాలుగు వేలు పోయినా లోపల ఒకటే. ఆడటానికి అదే ఎక్కువ ప్రమాదమని ఇప్పుడనుకుంటున్నాను. కోపం వచ్చినవాడు ఎప్పుడో ఒకప్పుడు అలసిపోయి లేస్తాడు.

బయటపడటానికి చేయనిది లేదు. చిన్న టేబుళ్లకు దిగాను. రోజుకు ఇంతకు మించి పోతే ఆపేయాలని గోడకు కాగితం అంటించాను. ఫోన్ మార్చాను, కుర్చీ మార్చాను. స్టేషన్ పక్కన గణపతి గుడికి మంగళవారాలు వెళ్లాను. బోనాలప్పుడు ఉజ్జయిని మహంకాళి దగ్గర మొక్కుకున్నది కూడా ఇదే. అమ్మవారిని ఇంకేం అడగాలో కూడా తోచలేదు.

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. రాణిగంజ్ మొత్తం నెల రోజులు ఈగలు తోలుకుంది. చేతిలో నోట్లు లేక ఊరంతా బ్యాంకుల ముందు నిలబడుతుంటే, నా డబ్బు మాత్రం నెట్ బ్యాంకింగులో క్షణంలో టేబుల్ మీదికి పోయేది. షాపులో పని లేదు, కాబట్టి మధ్యాహ్నాలు కూడా ఆడాను. డిసెంబరులో మా ఆవిడ గాజులు పాట్ మార్కెట్ దగ్గర గిర్వి పెట్టాను, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి. సంక్రాంతికి అత్తగారింటికి పోతూ బీరువా తెరిచి అడిగింది. "గాజులెక్కడ?" చెప్పాను. ఎంత పోయిందో మాత్రం సగమే చెప్పాను. ఆమె ఇంకేం అడగలేదు. ఆ పండక్కి చేతులకు మట్టిగాజులు వేసుకొని వచ్చింది. వాళ్లమ్మ అడిగితే లాకర్లో ఉన్నాయని తనే చెప్పింది.

నన్ను ఆపింది అది కూడా కాదు. మార్చిలో ఒక శనివారం సాయంత్రం మా షాపు సేఠ్ ఎవరిదో పెళ్లికి పోతూ గల్లా నాకు అప్పజెప్పాడు. లెక్కపెట్టి రబ్బరు బ్యాండ్లు వేసి సంచిలో పెట్టి తాళం వేయాలి, ఏళ్లుగా చేస్తున్న పనే. ఆ రోజు 40 వేలుంది. నేనాడే టేబుల్ మీద కూర్చోవాలంటే వెయ్యి. లెక్కపెడుతుంటే అది 40 వేలుగా కనపడలేదు, నలభై బై-ఇన్లుగా కనపడింది. ఏ టేబుల్ మీద ఎన్ని పెట్టాలో మనసులో పంచుకోవడం కూడా అయిపోయింది. చేతులు మాత్రం వాటి పాటికి కట్టలు కడుతూనే ఉన్నాయి. తాళం వేసి, సేఠ్ వచ్చేదాకా షట్టర్ బయట మెట్ల మీద కూర్చున్నాను.

"గల్లా తాళాలు నా దగ్గర వద్దు సేఠ్" అన్నాను.

"తీసినవా?"

"లేదు."

"మరి?"

"తీస్తనేమో."

ఆయన కాసేపు నా ముఖం చూసి తాళాలు జేబులో వేసుకున్నాడు. సోమవారం యథాప్రకారం లెక్కల పుస్తకాలు నా ముందు పెట్టాడు, గల్లా దగ్గర తన అల్లుణ్ణి కూర్చోబెట్టాడు. ఉద్యోగం పోలేదు. ఆయన ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

ఆ శనివారం రాత్రే ఇంట్లో మొత్తం చెప్పాను. బ్యాంకు ఖాతాకు కట్టిన ఫోన్ నంబరు మా ఆవిడ పేరు మీదికి మారింది. ఆమే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు పోకర్ గురించి ఏమీ అడగలేదు. పోయింది రాబట్టుకోవడానికి మర్నాడే మళ్లీ కూర్చుంటారా, ఎంత పోయిందో ఇంట్లో దాస్తారా, ఆపాలని చూసి ఆపలేకపోయారా, ఇలాంటివి అడుగుతూ టిక్కులు పెట్టుకున్నాడు. మొత్తం తొమ్మిది లక్షణాలట, ఏడాదిలో నాలుగు కనిపిస్తే జబ్బు కిందే లెక్కట. నాకు నాలుగు దాటాయి. ఒప్పుకోలేదు. "ఇది నైపుణ్యం ఆట సార్, నాది బ్యాడ్ లక్" అన్నాను. "సరే, కాగితం మీద చూపించండి" అన్నాడాయన.

చూపిద్దామనే మొదలుపెట్టాను. సైటు నుంచి పాత ఆటల రికార్డు ఫైళ్లుగా తీసుకోవచ్చు. పెద్ద సైజు లెక్కల పుస్తకం ఒకటి కొని, షాపు చిట్టా రాసినట్టే కాలమ్‌లు గీశాను: తేదీ, గంట, పెట్టింది, వచ్చింది. మర్నాడు ఇంకో కాలమ్ గీయాల్సి వచ్చింది. ఆ ఫైళ్లలో ప్రతి హ్యాండ్ కింద ఒక చిన్న అంకె ఉంటుంది, రేక్ అని. పాట్ 600 అయితే గెలిచినవాడికి వచ్చేది 570. మిగతా 30 సైటుది. తెర మీద కూడా కనపడేది అది. చిప్స్ నా వైపు జరుగుతుంటే రెండు మూడు చిప్స్ విడిపోయి డీలర్ బొమ్మ దగ్గరికి పోయేవి. గెలిచిన సంతోషంలో అటు చూసింది లేదు. బోయిన్‌పల్లి మార్కెట్లో కమీషన్ ఏజెంటుకు టమాట ధర లేచినా పడినా ఒకటే అయినట్టు, సైటుకు నేను గెలిచినా అవతలివాడు గెలిచినా ఒకటే.

రాత్రుళ్లు కూర్చొని కూడితే, నేను గెలిచిన పాట్‌లలోంచి పోయిన రేక్ లక్షన్నర దగ్గరికి వచ్చింది. ముందు తప్పు కూడాననుకున్నాను. మళ్లీ కూడాను, అంతే. అంటే నా నష్టంలో పెద్ద భాగం ఎవరి చేతిలోనూ ఓడిపోయింది కాదు, గెలిచిన హ్యాండ్లలో పోయింది. మిగిలిన 90 వేలను గంటలవారీగా విడదీస్తే దాదాపు అంతా రాత్రి పన్నెండు దాటాక పోయిందే. పన్నెండు లోపు, రేక్ పక్కన పెడితే, తోటి ఆటగాళ్లతో నేను కొంచెం అటూ ఇటూగా సరిసమానం. బ్యాడ్ బీట్లు ఉన్నాయి, రివర్ మీద, అంటే చివరి ముక్కగా, రాజు పడి ఆసులు పోయినవి నాకు కథల్లాగా గుర్తున్నాయి. పుస్తకంలో వాటికి ఎదురుగా నేను అదే విధంగా అవతలివాణ్ణి ముంచినవి కూడా దాదాపు అన్నే ఉన్నాయి. అవి ఒక్కటీ గుర్తు లేవు.

డాక్టరు పుస్తకం తిరగేసి రేక్ అంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. "ఇది తెలిసి ఎవరైనా ఆడతారా?" అన్నాడు. బాగా గెలిచేవాళ్లు దాన్ని కూడా దాటి గెలుస్తారని చెప్పాను. అది నిజమే. అలాంటివాళ్లు ఉన్నారు, కొద్దిమంది.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. జులైలో రెండోది వచ్చింది. 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్యం ఆటలకున్న మినహాయింపు పోయింది, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ, పోకర్ ఈ రాష్ట్రంలో నేరమయ్యాయి. నాతో ఆడేవాళ్లు కొందరు ఫోన్‌లో లొకేషన్ మార్చే యాప్ వేసుకొని ఆడారు. చిన్నాయనకు మాత్రం మహా కోపం వచ్చింది. మన లష్కర్ కేసు తీర్పును ఎట్ల కాదంటరని. ఆయన కోసమే ఆ తీర్పు ప్రింటు తీసుకొచ్చి మొదటిసారి మొత్తం చదివాను. చిన్నదే, కొన్ని పేజీలు. నైపుణ్యం మాట అయిపోయాక ఇంకో మాట ఉంది. పందెం ఆట మీద క్లబ్బు వాళ్లో ఇంటివాళ్లో లాభం తీసుకుంటున్నారని సాక్ష్యం ఉంటే నేరం నిలవొచ్చని. క్లబ్బు తీసుకున్న చార్జీలు అంత ఎక్కువేం కావు కాబట్టి ఆ కేసులో అది వర్తించలేదు. ఆ పేరా కింద గీత గీసి చిన్నాయనకు ఇచ్చాను. "ఇది మాకు ఎవ్వడు చెప్పలే" అన్నాడు.

గాజులు 2019లో విడిపించాం. అప్పట్లో తీసుకున్న పర్సనల్ లోన్ ఈఎంఐ 2020లో తీరింది. మానేసిన మొదటి రెండేళ్లు రాత్రి పదకొండైతే చెయ్యి ఫోన్ కోసం వెతికేది. అలా అనిపిస్తే ఇరవై నిమిషాలు గడిచేదాకా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని డాక్టరు చెప్పాడు. చిలకలగూడ చౌరస్తా దాకా నడిచి వచ్చేవాణ్ణి. ఎక్కువ రోజులు పని చేసింది, అన్ని రోజులూ కాదు. నేను మంచి ఆటగాణ్ణేనా అన్నది ఆ పుస్తకంలో తేలలేదు. నేనాడినన్ని హ్యాండ్లతో తేలదు కూడా.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, 22న రాష్ట్రపతి సంతకమైంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా నిషేధం. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా ఇక లేదు. నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, ఆడేవాడికి శిక్ష లేదు. పెద్ద యాప్‌లన్నీ రోజుల్లోనే డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ వారమే అప్పట్లో నాతో ఆడిన వారసిగూడ కుర్రాడు ఫోన్ చేశాడు. ఇప్పుడు కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లలు. రెండేళ్లుగా డౌన్‌స్వింగ్‌లో ఉన్నాడట, ఇప్పుడిప్పుడే ఆట కుదురుకుంటుంటే మూసేశారట. విదేశీ సైట్లు నడుస్తున్నయి, క్రిప్టోలో వెయ్యాలె, ఏది నమ్మొచ్చు అన్నా అని అడిగాడు.

మానసిక సమస్యలకు సాయం చేసే టెలి మానస్ నంబరు 14416 రాసుకోమన్నాను. "నాకు పిచ్చా అన్నా?" అని నవ్వాడు. ఈ రెండేళ్లలో రేక్ ఎంత కట్టావురా అని అడిగాను. కూడలేదన్నాడు. ఫైళ్లు ఉన్నాయా అంటే ఉన్నాయన్నాడు. ఆదివారం తీసుకొని రమ్మన్నాను. పుస్తకం నేను కొని పెడతానని చెప్పాను.